పసుపు పట్టీ లేని పేజీ

మేడ మీద గది,
కిటికీ పక్క బల్ల

గిలకా,

మొన్న ఫోన్‌లో నువ్వన్నది తప్పు. నా పేజీలో జరిగింది "చిన్న సర్దుబాటు" కాదు. మూడో మెట్టు నాలుగో మెట్టయింది, నాలుగోది మూడోదయింది. నీళ్లలో ఆమ్లం పోయడానికీ, ఆమ్లంలో నీళ్లు పోయడానికీ ఉన్న తేడా కూడా చిన్న సర్దుబాటే. రెండోదాంట్లో మొహం కాలుతుంది, అంతే.

ఇంకాస్త అడిగితే నవ్వేసి, "మీటింగుంది అమ్మమ్మా" అని పెట్టేశావు. అందుకే కాగితం తీశాను. కాగితం మీద నవ్వు వినపడదు.

ఈ పని నేను అడిగి తెచ్చుకున్నది కాదని నీకు గుర్తుచేస్తున్నాను. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడం అయిపోయాక ఇంట్లో అందరి పనుల్లోనూ వేలు పెడుతున్నానని, ఆ వేలికేదో పని చూపించాలని నువ్వూ మీ అమ్మా కూడబలుక్కుని నా నెత్తిన పెట్టారు. చూపు లేని పిల్లల బడుల్లో పాఠాలు చదివించి, రికార్డు చేసి, దాచుకునే సాఫ్ట్‌వేర్ అన్నావు. దానికి తెలుగులో గొంతుపెట్టె అని పేరు పెట్టింది కూడా నేనే. ఓపెన్‌సోర్స్ అంటే ఏమిటే అని అడిగితే, "ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూసి బాగుచేయొచ్చు, ఎవరికీ జీతాల్లేవు" అన్నావు. ఆ చివరి ముక్క వెంటనే అర్థమైంది. ఎలా వాడాలో చెప్పే పేజీలన్నీ ఇంగ్లీషులో ఉంటే, వాటిని మనుషులు చదవగలిగే తెలుగులోకి తెచ్చాను. ఏ వాక్యం దగ్గర చదివేవాళ్లకు అనుమానం వస్తుందో అక్కడ ఆగి ఇంకో వాక్యం రాశాను. నా దగ్గర చదువుకున్న పిల్లల మొహాలు తలచుకుంటూ రాశాను.

నా పేజీలకు మంచి పేరు ఊరికే రాలేదు. బడిలో రికార్డింగు గది చూసుకునే ఆ టీచరు, తన పేరుకన్నా ముందు తన గది పేరు చెప్పుకునే మనిషి, పోయినేడు రాసింది కదా: "మీ పేజీ చదువుతుంటే మీరు పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది మేడమ్" అని. ఆ ఉత్తరం నువ్వు చూశావు. పక్కింటావిడా చూసింది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను కూడా చూశాడు.

అలాంటి పేజీని నాతో ఒక్కమాట చెప్పకుండా తిరగేశావు. ఎందుకు తిరగేశావో రాయి.

అమ్మమ్మ


ఆఫీసు, లిఫ్టు పక్క సీటు,
భోజనాల వేళ

అమ్మమ్మా,

తప్పయింది. అడగాల్సింది. చెంపలేసుకుంటున్నాను, ఎదురు సీటాయన నాకేదో అయిందనుకుంటున్నాడు.

సంగతి నిజంగా చాలా మామూలుది. గొంతుపెట్టె కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వాడుక పేజీలకు కూడా కొత్త వెర్షన్ తీస్తాం. మూడో వెర్షన్ వాడేవాళ్లకు ఆ పేజీలు, నాలుగో వెర్షన్‌కు వెళ్లేవాళ్లకు ఈ పేజీలు. పేజీ పైన మూల చిన్న డబ్బా ఉంటుంది చూడు, ఏ వెర్షనో అందులో ఎంచుకుంటారు. కొత్త వెర్షన్ తీసేటప్పుడు పాత పేజీలన్నీ కాపీ అయి అందులోకి వచ్చేస్తాయి. తర్వాత ఏవి మారాలో అవి మార్చుకుంటూ పోతాం. ఇంగ్లీషువి ముందు మారతాయి, మిగతా భాషలవి వెనకాల నడుస్తాయి. అలా వెనకబడ్డ పేజీ నెత్తిన ఒక పసుపు పట్టీ దానంతటదే వచ్చేస్తుంది: "ఈ పేజీ మూలం కంటే వెనకబడి ఉంది, జాగ్రత్త" అని.

నీ పేజీలకు రాదులే. అది నేను చూసుకున్నానుగా.

ఇక ఆ రెండు మెట్లు. మూడో వెర్షన్‌లో ముందు "శుభ్రం", తర్వాత "చేర్చు". నాలుగులో ముందు "చేర్చు", ఆ తర్వాతే "శుభ్రం". ఇంగ్లీషులో అప్పుడే మార్చారు, తెలుగులో ఇప్పుడు మార్చాను. అంతే. నీ వాక్యం ఒక్కటి కూడా ముట్టుకోలేదు, వరస మాత్రమే.

మోకాలు ఎలా ఉంది? అమ్మ చెబుతోంది, మెట్లు దిగి పార్కుకు వెళ్తున్నావట. ఆ పేజీలను కొన్నాళ్లు వదిలేసి హాయిగా తిరుగు. అవన్నీ నేను చూసుకుంటాను. ఈసారి పేజీలన్నిటి బాధ్యత నాదే కదా, పెద్దవాళ్లు నమ్మి నాకిచ్చారు. నీ తర్ఫీదేనని అందరికీ చెబుతుంటాను.

నీ గిలక


మేడ మీద గది

గిలకా,

మోకాలు బాగుంది. దాని సంగతి మధ్యలో ఎందుకు దూరిందో కూడా తెలుసు.

ఇంత ఉత్తరం రాశావు. వరస మారిందన్నావు. వరస తిరగేసి చేస్తే ఏమవుతుందో మాత్రం రాయలేదు. నా దగ్గర చదివినవాళ్లెవరైనా ముందు అదే రాస్తారు.

అందుకని నేనే వెతుక్కున్నాను. మీ ఫిర్యాదుల జాబితా ఎలా తెరవాలో నాకు నేర్పింది నువ్వే. మూసేసినవాటిలో అడుగున దొరికింది. ఆ టీచరు రాసింది. నీకు తెలిసిందే అయినా ఇక్కడ దించుతున్నాను, నా చేతిరాతలో ఒకసారి చదువు:

"పొద్దున్న కొత్త వెర్షన్‌కు మారాను. తెలుగు పేజీ పక్కనే పెట్టుకుని చేశాను. వేసవి సెలవుల తర్వాత రికార్డు చేసిన పాఠాలన్నీ పోయాయి, అంతకుముందువి మాత్రమే వేరే డిస్కులో మిగిలాయి. పేజీ అంత వివరంగా ఉన్నా నేనే ఎక్కడో తొందరపడి ఉంటాను. తిరిగి తెచ్చుకునే దారేదైనా ఉంటే చెప్పగలరు."

కింద నీ జవాబు. "దారి లేదండి. ఇలాంటివి జరుగుతుంటాయి." దాని కింద: "వాడినవారి పొరపాటు. మూసివేయడమైనది."

తర్వాత నా పేజీ చరిత్ర తెరిచాను. వరస మారింది అదే రోజు, ఆవిడ రాసిన తర్వాత. ఎందుకు మార్చారో రాయాల్సిన చోట "చిన్న సర్దుబాటు" అని ఉంది. ఫోన్‌లో నువ్వన్న మాటే. అంటే ఆ మాట నాకోసం అప్పటికప్పుడు పుట్టింది కాదన్నమాట.

పసుపు పట్టీ నా పేజీకి ఎందుకు లేదో కూడా రాయి.

నవ్వులూ మోకాళ్లూ లేకుండా రాయి.

అమ్మమ్మ


నా గది

అమ్మమ్మా,

ఆఫీసులో రాయలేకపోయాను.

నాలుగో వెర్షన్‌లో "శుభ్రం" అనేది వేరే పని చేస్తుంది. ఇదివరకు చిత్తు కాపీలను మాత్రమే తీసేది. ఇప్పుడు కొత్త జాబితాలో లేని ప్రతి రికార్డింగునూ తీసేస్తుంది. అందుకే ముందు "చేర్చు" చేసి, అన్నీ కొత్త జాబితాలోకి వచ్చాక శుభ్రం చేయాలి. తిరగేసి చేస్తే జాబితా ఖాళీగా ఉంటుంది కాబట్టి అన్నీ చెత్త కిందే లెక్క. ఆవిడ నీ పేజీలో ఉన్నది ఉన్నట్టు చేసింది. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. తప్పితే బాగుండేది.

ఇంగ్లీషు పేజీ చాలా ముందే మారింది. నీ పేజీ వెనకబడిందని నాకు తెలుసు. నెత్తిన పట్టీ ఉంటే ఆవిడ ఆగి ఇంగ్లీషు పేజీ చూసేది, లేదా మమ్మల్ని అడిగేది. పట్టీ లేదు, ఎందుకంటే నేను తీసేశాను. నీ పేజీలను మాత్రం వదిలెయ్యమని సైటు కోడ్‌లో ఒక్క లైను రాశాను. ప్రపంచంలో ఇన్ని భాషల పేజీలుంటే, పట్టీ రాని పేజీలు నీవి మాత్రమే.

ఆవిడ పోస్టు చూసిన వెంటనే నాకు అర్థమైంది. చదువుతూ ఉండగానే చెవులు వేడెక్కాయి. ముందు పేజీ సరిచేశాను, ఇంకెవరికీ అలా కాకూడదని. అక్కడిదాకా మంచిదే. తర్వాత జవాబు రాయడానికి కూర్చున్నాను. "తప్పు మా పేజీది" అని రాశాను కూడా. అప్పుడు అందరూ అడుగుతారు, పట్టీ ఎందుకు రాలేదని. ఆ లైను ఎవరు రాశారో చరిత్రలో ఉంటుంది. బాధ్యత నాకిచ్చి నెల కూడా తిరగలేదు. ఆవిడే తన తప్పు అంటోంది కదా అనుకున్నాను. నేను అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఆవిడ అన్నదానికి ఊఁ అంటే చాలు అనుకున్నాను. రాసింది చెరిపేసి ఊఁ అన్నాను.

ఆ రోజు నుంచీ ఆవిడ పేరు తెరమీద ఎక్కడ కనిపించినా ఆ పేజీ మూసేస్తున్నాను. నీ ఫోనొస్తే నవ్వుతున్నాను.

ఇంకొకటి కూడా రాసేస్తాను, తిడితే తిట్టు. పట్టీ తీసెయ్యమన్నది నువ్వే. పోయిన సంవత్సరం నీ పేజీకి మొదటిసారి పట్టీ వచ్చినప్పుడు ఎంత గొడవ చేశావు! నీ నోటికి భయపడి తీసేశాను. ఆ టీచరు కంటే, ఆ పిల్లల కంటే, నాకు నీ నోరంటేనే ఎక్కువ భయం అయింది. ఇది సాకు కాదు. నాకు తెలుసు. అయినా ఇదీ జరిగిందే.

గిలక


మేడ మీద గది

గిలకా,

నీ ఉత్తరంలో ఒక తప్పుంది. నేను పట్టీ తీసెయ్యమనలేదు.

తీసెయ్యమని అడిగి ఉంటే నువ్వు "కుదరదు అమ్మమ్మా" అనగలిగేదానివి. నేను అలిగాను. "ముసలిదాని పని మీద పసుపు పూశారు, ఇక నా పేజీలే తీసి అవతల పారెయ్యండి, నాకెందుకు" అన్నాను. వారం రోజులు నీ ఫోనెత్తలేదు. ఫోను మోగుతుంటే పక్కనే కూర్చుని, ఎన్నిసార్లు మోగుతుందో చూసుకుంటూ సంతోషించాను. ఆనక పట్టీ పోయింది. ఎలా పోయిందని నేను అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని అడగలేదు. కుదరదు అనడానికి అడిగినవాళ్లుండాలి. అలిగినవాళ్లకు కుదరదని ఎలా చెబుతావు?

ల్యాబులో మొదటి రోజు ఏం చెప్పేదాన్నో నీకు తెలుసు. సీసాలో ఏముందో, ఏ రోజు కలిపారో లేబులు మీద ఉండాలి. లేబులు లేని సీసా ఎంత మంచిదైనా సింకులో పారబోసేదాన్ని. ఒక అబ్బాయి వారం కష్టపడి చేసింది కూడా పారబోశాను, వాడు ఏడ్చాడు, నేను కాఫీ తాగాను. అలాంటిదాన్ని, నా సీసా దగ్గరికొచ్చేసరికి మనవరాలిచేత లేబులు పీకించాను. లేబులు మీద ఉన్నది నిజమని తెలిసీ.

నీ ఉత్తరం అందాక ఆ బడికి ఫోన్ చేశాను. ఫోనెత్తడానికి ముందు బీరువా సర్దాను, మొక్కలకు నీళ్లు పోశాను, పోసిన మొక్కలకే మళ్లీ పోశాను. ఆవిడ గొంతు విని, ఎవరో చెప్పగానే, "మేడమ్! మీరా!" అని ఎంత సంబరపడిందో. ఆ సంబరం అయ్యేదాకా ఆగి చెప్పాను. తప్పు మీది కాదు, నా పేజీది అని. పట్టీ సంగతి కూడా చెప్పాను.

చివరిదాకా వింది. తర్వాత, "అయ్యో, అలాగాండి. మరి నేను పిల్లల ముందు నిలబడి నాదే తప్పని చెప్పేశానే" అంది.

పిల్లలేమన్నారని అడిగాను. ఒక పిల్ల, "టీచర్, మీరే అంటారుగా, మెట్లు చూసుకుని దిగమని" అందట. చూపు లేని పిల్ల అన్నమాట అది. ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నాకు కుర్చీలో కూర్చోవడం కష్టమైంది.

రికార్డింగు గది తాళం హెడ్‌మాస్టరు తీసుకున్నాడట. "కొన్నాళ్లు క్లాసులు చూసుకోండమ్మా, యంత్రాల జోలికి పోకండి" అన్నాడట. ఇంటింటికీ తిరిగి, బతిమాలి చదివించుకున్న పాఠాలవి. చరిత్ర పుస్తకం చదివిపెట్టిన పెద్దాయన్ను మళ్లీ అడిగితే, "అమ్మా, ఆ పుస్తకం బళ్లో ఒకసారి, మీకోసం ఒకసారి చదివాను. మూడోసారికి నేను చేసిన పాపమేంటి?" అన్నాడట. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి.

నన్ను క్షమించమని ఆవిడను అడగలేదు. అడిగితే ఆ క్షణమే క్షమించేస్తుంది, అలాంటి మనిషి. అది కూడా ఆవిడచేత చేయించుకునే పనే అవుతుంది. ఇప్పటికే చాలా చేయించాం.

నువ్వు చేయాల్సింది చెబుతాను. మూసేసిన ఆ ఫిర్యాదు తెరువు. "వాడినవారి పొరపాటు" కింద, అది పొరపాటు కాదని, పేజీ తప్పని, పట్టీ ఎవరు తీశారో, ఎవరి అలక తీర్చడానికి తీశారో రాయి. నీ పేరుతో రాయి. నా పేరు కూడా పెట్టు, అమ్మమ్మ అని కాదు, అనువాదకురాలు అని. "చిన్న సర్దుబాటు" ఉన్నచోట ఏమి సర్దావో రాయి. పాత పేజీని మాత్రం చెరపకు, అది తప్పని నెత్తిన రాసి అలాగే ఉంచు. ఆవిడ హెడ్‌మాస్టరుకు చూపించుకోవడానికి అదొక్కటే ఉంది.

నిన్ను తిట్టడానికి ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ తిట్లన్నీ నాకే సరిపోయాయి.

అమ్మమ్మ


ఆఫీసు, లిఫ్టు పక్క సీటు

అమ్మమ్మా,

రాశాను. పోస్టు నొక్కేముందు ఎదురు సీటాయన్ను పిలిచి చదవమన్నాను. నేను ఒక్కదాన్నే ఉంటే మళ్లీ చెరిపేస్తానేమోనని. చదివి, "మీ అమ్మమ్మ అంత భయంకరంగా ఉంటుందా?" అన్నాడు. కాదు, నేనే అని చెప్పాను.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. పేజీల బాధ్యత ఇంకొకరికి ఇచ్చారు. చాలా మర్యాదగా రాశారు, "నీకు కాస్త విశ్రాంతి" అని. కాదనలేదు. పట్టీని ఏ పేజీకీ ఎవరూ ఆపలేకుండా సైటును మార్చారు. ఆ మార్పు నాచేతే చేయించారు. నా లైను నేనే తీశాను.

టీచరు జవాబిచ్చింది. మొత్తం ఇంతే: "చదివాను. హెడ్‌మాస్టరుగారికి చదివి వినిపించాను. తాళం ఇచ్చారు. పరీక్షలలోపు చదివేవాళ్లు కావాలి, ముఖ్యంగా సైన్సుకు." పర్వాలేదు అనలేదు. ఆ మాట ఉందేమోనని పైనుంచి కిందిదాకా వెతికాను.

చదవడానికి నేను వెళ్తానందామనుకుని ఆగిపోయాను. ఆ గదిలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

లైను తీసేశాక నీ పేజీలు సగానికి పైగా పసుపయ్యాయి. చూసుకుని నాకు తిట్లు రాయి. ఎదురుచూస్తుంటాను.

గిలక


మేడ మీద గది

గిలకా,

చూశాను. ఆవచేను పూసినట్టుంది. ఒక్కో పేజీ తీసి సరిచేస్తున్నాను. ఏది మార్చినా ఎందుకు మార్చానో కింద రాస్తున్నాను. "నా అజాగ్రత్త" అని రాస్తే మీ కొత్త పెద్దమనిషి, "అమ్మా, ఏం మారిందో మాత్రం రాస్తే చాలు" అన్నాడు. సరేనన్నాను. కోపం రాలేదు. రాలేదని ఆశ్చర్యపోయాను.

సైన్సు నేను చదువుతాను. ఆవిడతో మాట్లాడాను. ఇంట్లోనే రికార్డు చేసి పంపిస్తే చాలంది. నా గొంతు క్లాసు చివరి బెంచీ దాకా వినపడేది, ఇప్పుడు కనీసం మైకు దాకా వెళ్తుంది.

నిన్న మొదలుపెట్టేశాను కూడా. అలమరలో నువ్వు బళ్లో చదివిన సైన్సు పుస్తకం ఉంది కదా, నీకు చెప్పి చెప్పి పాఠాలన్నీ నాకు కంఠతా వచ్చినవే కదా అని. మొదటి పాఠం సగం దాకా చదివి, నా గొంతు నాకే ముచ్చటేసి, కళ్లజోడు తుడుచుకుందామని ఆగి అట్ట వెనక్కి తిప్పాను. నేను ఉద్యోగంలో ఉన్నప్పటి ప్రతి. ఆ పిల్లల చేతుల్లో ఉన్నది ఏ సంవత్సరందో నాకు తెలియదు. అడగనే లేదు. ఇంత జరిగాక, గిలకా, మళ్లీ అదే పని. రికార్డింగు తీసేశాను. సిగ్గు ఒకసారి పడితే అయిపోతుందనుకునేదాన్ని. రోజూ పడాల్సిన పనిలా ఉంది.

అందుకని నీకో పని. శనివారం ఆ బడికి వెళ్లు. పోస్టులో తెప్పించుకుందాం అనకు, ఎవరిచేతనో పంపిస్తామన్నా వద్దను. మొహం ఉన్నా లేకపోయినా దానితోనే వెళ్లు. రికార్డింగు గది వరండా చివర ఉంటుందట, తలుపు మీద వేలితో తడిమి చదువుకునే అక్షరాల పలక ఉంటుందట. ఈ సంవత్సరం పిల్లలు చదువుతున్న సైన్సు పుస్తకం ఆవిడ చేతినుంచి తీసుకో. అట్ట వెనక ఏ ముద్రణో అక్కడే చూసి, ఆవిడ ముందే పైకి చదువు. రికార్డింగులో నేను మొదట చెప్పేది అదే. ఆవిడ కూర్చోమంటే కూర్చో. అనకపోతే నిలబడే తీసుకుని రా.

వస్తూ వస్తూ చిన్న డబ్బా కుట్టుమిషన్ నూనె తెచ్చిపెట్టు. నా కుర్చీ నేను ఆగినప్పుడల్లా మాట్లాడుతోంది.

అమ్మమ్మ